బైకే అనాలా, అకా అనాలా: ఫెర్గానా లోయలో ఏడు రోజులు

మొదటి రోజు, మే 11, 2025: బిష్కెక్

విమానం దిగి సామాను అందుకున్నాక, సంచికి అంటించిన చీటీ మీద ఎఫ్.ఆర్.యు. అన్న మూడు అక్షరాలు కనిపించాయి. దిగింది మనస్ విమానాశ్రయంలో, ఊరు బిష్కెక్, దేశం కిర్గిజ్‌స్తాన్; ఈ మూడింటిలో దేనికీ ఆ అక్షరాలు అతకవు. అవి ఫ్రున్జేవి. 1885లో ఈ ఊళ్లోనే పుట్టిన బోల్షివిక్ సేనాని మిఖాయిల్ ఫ్రున్జే పేరు 1926 నుంచి 1991 దాకా ఈ నగరానికి ఉండేది. ఆయన పేరు పెట్టిన దేశం కూలిపోయి ముప్ఫై మూడేళ్లు దాటినా, ప్రయాణికుల సంచుల మీద మాత్రం నేను దిగిన ఆ రోజుకింకా ఆయనే ఊరేగుతున్నాడు.

తెనాలి దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో నేను సాంఘిక శాస్త్రం చెప్పే రోజుల్లో గోడకు వేలాడే ప్రపంచ పటంలో సోవియట్ యూనియన్ అంతా ఒకటే గులాబీ రంగులో ఉండేది. 1991 డిసెంబరులో ఆ దేశం పదిహేను ముక్కలైన తరువాత కూడా కొత్త పటం కొనడానికి నిధులు లేక చాలా ఏళ్లు ఆ గులాబీ రంగు మీదే కర్రతో గీతలు చూపిస్తూ పాఠం చెప్పాను. కర్ర చివర దక్షిణాన ఎప్పుడూ ఒకచోట చిక్కుపడేది: ఉజ్బెకిస్తాన్, కిర్గిజ్‌స్తాన్, తాజికిస్తాన్ మూడూ ఒకదాని వేళ్లు మరొకదానిలో గుచ్చినట్టు పెనవేసుకున్న ఫెర్గానా లోయ దగ్గర. ఇన్నాళ్లకు అక్కడికి వెళ్లే సందర్భం వచ్చింది, మా మేనకోడలు ఆ లోయలోని ఓష్ నగరంలో వైద్యవిద్య మూడో సంవత్సరం చదువుతున్నందువల్ల.

నిజానికి నన్ను పంపింది మా అక్క భయం. 2024 మే 13 రాత్రి బిష్కెక్‌లోని ఒక హాస్టల్ దగ్గర స్థానిక యువకులకూ ఈజిప్టు విద్యార్థులకూ కొట్లాట జరిగింది. ఆ వీడియో నాలుగు రోజులు ఫోన్లలో తిరిగి, 17వ తేదీ రాత్రికి వందల మందిని వీధిలోకి తెచ్చింది. వాళ్లు విదేశీ విద్యార్థుల హాస్టళ్ల మీద పడ్డారు. సుమారు 30 మంది గాయపడ్డారు. ముగ్గురు పాకిస్తానీ విద్యార్థులు చనిపోయారన్న వార్త మన ఫోన్లదాకా వచ్చి, తరువాత అబద్ధమని తేలింది. అప్పట్లో ఈ దేశంలో ఉన్న భారతీయ విద్యార్థులు సుమారు 14,500 మంది. వారిలో తెలుగు పిల్లలు తక్కువేమీ కాదు. ఓష్‌లో ఏమీ జరగకపోయినా మా అమ్మాయి వారం రోజులు గది గడప దాటలేదు. "చదువు పూర్తయ్యేదాకా అక్కడ ఉండొచ్చో లేదో నువ్వే చూసి రారా" అన్నది అక్క.

నన్ను తీసుకెళ్లడానికి ఓష్ నుంచి వచ్చిన అమ్మాయి విమానాశ్రయం బయటే మొదటి పాఠం చెప్పింది. "మామయ్యా, కిర్గిజ్ పెద్దాయనైతే బైకే అనాలి, ఉజ్బెక్ పెద్దాయనైతే అకా అనాలి. రెండింటికీ అర్థం అన్నయ్యే. కానీ తప్పుగా అంటే మొహం మారుతుంది." ఎలా గుర్తుపట్టాలని అడిగితే, టోపీ చూడమంది: ఎత్తుగా తెల్లటి ఉన్నిది అయితే కల్పాక్, కిర్గిజ్, నలుపు మీద తెల్లని కుట్టుతో నాలుగు పలకలది అయితే దొప్పి, ఉజ్బెక్. టోపీ లేకపోతే? "అప్పుడు వాళ్లు మాట్లాడేదాకా ఆగాలి."

సాయంత్రం నగరంలో తిరుగుతుంటే రష్యన్ ముఖాలు నేననుకున్నదాని కంటే తక్కువగా కనిపించాయి. 1989 జనగణనలో ఈ గణతంత్రంలో కిర్గిజులు 52 శాతం, రష్యన్లు 21 శాతం పైన, ఉజ్బెకులు 13 శాతం దాకా. లక్షమంది జర్మన్లు కూడా ఉండేవారు. జర్మన్లలో అత్యధికులు జర్మనీకి వెళ్లిపోయారు, రష్యన్లలో అధికభాగం రష్యాకు. ఇప్పుడు జనాభాలో నాలుగింట మూడొంతులకు పైగా కిర్గిజులే. వెళ్లిపోవడానికి మరో దేశమున్న జాతులు వెళ్లిపోయాయి. పక్కనే పేరుకు ఒక దేశమున్నా, తాత ముత్తాతల ఇల్లు ఈ గీతకు ఇటువైపే ఉన్నవాళ్లు మిగిలారు.

రెండో రోజు, మే 12: కొండల మీదుగా

విమానంలో ముప్పావు గంట దూరాన్ని రోడ్డు మీద పన్నెండు గంటలు వెళ్లాం, అది నా పట్టుదల. తో-అషూ కనుమ సొరంగం సముద్రమట్టానికి దాదాపు 3,200 మీటర్ల ఎత్తున ఉంటుంది. మే నెలలోనూ దాని నోటి దగ్గర మంచు గోడలున్నాయి. అవతల సూసామీర్ మైదానంలో పచ్చిక ఇప్పుడే లేస్తోంది. గుర్రాలతో, గుడారపు కట్టెలతో కాపరులు ఒక్కొక్కరే చేరుతున్నారు. డ్రైవరు కిర్గిజ్, కల్పాక్ లేదు, అయినా మా అమ్మాయి తడుముకోకుండా బైకే అనేసింది.

మధ్యాహ్నం తొక్తగూల్ జలాశయం పక్కన ఆగాం. నరీన్ నది మీద సోవియట్ కాలంలో కట్టిన ఈ ఆనకట్ట దగ్గర 1,200 మెగావాట్ల సామర్థ్యంతో కట్టిన విద్యుత్ కేంద్రం ఉంది. ఒకే దేశంగా ఉన్నప్పుడు లెక్క తేలిక: వేసవిలో నీళ్లు కిందికి వదిలితే ఉజ్బెక్, కజక్ పొలాల్లో పత్తి పండేది, చలికాలంలో అక్కడి బొగ్గు, గ్యాసు పైకి వచ్చి కిర్గిజ్ ఇళ్లు వెచ్చగా ఉండేవి. పంచేది మాస్కో. మాస్కో లేచి వెళ్లిపోయాక కింది దేశాలు గ్యాసుకు డబ్బు అడిగాయి. డబ్బు లేని పై దేశం చలికాలంలో కరెంటు కోసం నీళ్లు వదలసాగింది, అంటే పొలాలకు అక్కర్లేని కాలంలో. అన్నదమ్ములు విడిపోయినప్పుడు బావి ఎవరి వాటాకు వచ్చిందన్న తగాదా మనకు కొత్త కాదు గనుక డ్రైవరు వివరించకముందే నాకు అర్థమైంది. కొత్త సంగతి ఏమిటంటే, ఇదే నది మీద కంబరతా-1 అనే పెద్ద ఆనకట్టను కిర్గిజ్, ఉజ్బెక్, కజక్ దేశాలు మూడూ కలిసి కట్టాలని ఇప్పుడు ఒప్పుకోవడం.

లోయలోకి దిగాక బజార్-కొర్గోన్ వచ్చింది. రోడ్డు పక్క ఊరు, చెర్రీ పళ్ల బుట్టలు. మానవ హక్కుల కార్యకర్త అజీమ్‌జాన్ అస్కరోవ్ ఈ ఊరివాడు. 2010 నాటి కిర్గిజ్-ఉజ్బెక్ అల్లర్లలో ఒక పోలీసు హత్యకు కారకుడంటూ ఆయనకు జీవిత ఖైదు వేశారు. విచారణ న్యాయంగా జరగలేదని, ఆయనను విడుదల చేయాలని ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల సంఘం చెప్పినా వినలేదు. 2020 జూలైలో జైల్లోనే చనిపోయాడు. ఆయన ఉజ్బెక్. ఆయన పేరు ఎత్తగానే డ్రైవరు రేడియో శబ్దం పెంచాడు, నేనింక అడగలేదు.

జలాల్-అబాద్ నుంచి ఓష్‌కు పాత దారి సూటిగా ఉండేదట. ఆ దారి ఉజ్బెక్ భూభాగం గుండా పోతుంది. గీత కాగితం మీద ఉన్నంతకాలం ఎవరికీ పట్టలేదు. గీత మీద ముళ్లకంచె వేశాక కిర్గిజ్ బస్సులన్నీ ఉజ్గెన్ మీదుగా చుట్టు తిరగాల్సి వచ్చింది. ఓష్ చేరేసరికి రాత్రి తొమ్మిది.

మూడో రోజు, మే 13: ఓష్

మా అమ్మాయి నాకు గది కుదిర్చింది ఒక మహల్లాలో, అంటే ఉజ్బెకుల పేటలో. వీధి వైపు కిటికీల్లేని ఎత్తైన మట్టి గోడలు, పెద్ద ఇనుప తలుపు. లోపలికి అడుగుపెడితే ద్రాక్ష పందిరి, పంపు, నాలుగు గదులు, నీడ. యజమానురాలికి అరవై దాటి ఉంటాయి. మా అమ్మాయి ఆమెను ఓపా అని పిలుస్తుంది, అక్క అని అర్థం. ఇద్దరు కొడుకులు రష్యాలో భవన నిర్మాణ పనుల్లో ఉన్నారు. "ఇక్కడ ఉజ్బెక్ అంటారు, అక్కడ మాస్కోలో కిర్గిజ్‌నీ ఉజ్బెక్‌నీ తాజిక్‌నీ ఒకే తిట్టు తిడతారు" అన్నది టీ పోస్తూ. అరచేతి వెడల్పు గిన్నెలో సగం మాత్రమే పోసింది. అతిథికి నిండా పోస్తే త్వరగా తాగి వెళ్లిపొమ్మన్నట్టట.

ఊరి నడుమ సులైమాన్-తో కొండ ఉంది. కిర్గిజ్‌స్తాన్‌లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కిన మొదటి స్థలం ఇదే, 2009లో. శిఖరం మీద ఒక చిన్న గది: దాన్ని బాబరు ఇల్లు అంటారు. ఇక్కడికి 50 కిలోమీటర్లలో అందిజాన్‌లో 1483లో పుట్టి, ఈ లోయను పోగొట్టుకుని, చివరికి పానిపట్టు దాకా వచ్చిన ఆ బాబరే. పాఠాల్లో ఎన్నోసార్లు ఫెర్గానా పాలకుడు అని చెప్పాను గాని, ఆ రాజ్యం ఈ కొండ మీద నిలబడితే కనిపించేంత చిన్నదని ఇప్పుడే తెలిసింది. పైనుంచి చూస్తే కిందున్న పేటల తేడా కూడా కనిపిస్తుంది: మహల్లాల్లో చెట్లలో మునిగిన మట్టి ఇళ్లు, వాటి చుట్టూ సోవియట్ కాలపు నాలుగైదు అంతస్తుల ఫ్లాట్లు. సోవియట్ కాలంలో కొండల నుంచి దిగివచ్చిన కిర్గిజులు ఎక్కువగా ఆ ఫ్లాట్లలో, ఊరి అంచుల్లో స్థిరపడ్డారు. తరతరాల సేద్యం, బజారు వ్యాపారం ఉజ్బెకులవి. పోలీసు, కోర్టు, ఆఫీసు కిర్గిజులవి.

ఇద్దరి భాషలూ తుర్కీ కుటుంబానివే, ఒకరి మాట మరొకరికి అర్థమవుతుంది. ఇద్దరూ సున్నీ ముస్లిములే, ఒకే మసీదుకు వెళతారు. మరి తగాదా ఎందుకని నన్ను తెనాలిలో ఎవరైనా అడిగితే ఇప్పుడు ఆ కొండ మీద నుంచి కనిపించే రెండు రకాల కప్పులను చూపిస్తాను. 1990 జూన్‌లో లెనిన్ పేరున్న ఒక సామూహిక వ్యవసాయ క్షేత్రం భూమిని ఇళ్లు లేని కిర్గిజ్ యువకులకు స్థలాలుగా ఇవ్వబోవడంతో అల్లర్లు మొదలయ్యాయి. ఆ క్షేత్రంలో పనిచేసేవాళ్లు ఎక్కువగా ఉజ్బెకులు. అధికారిక లెక్క ప్రకారమే సుమారు 300 మంది చనిపోయారు. అప్పుడు సోవియట్ సైన్యం దిగి ఆపింది.

2010లో ఆపడానికి ఎవరూ రాలేదు. ఆ ఏప్రిల్‌లో అధ్యక్షుడు కుర్మాన్‌బెక్ బకియెవ్ పదవీచ్యుతుడయ్యాడు; దక్షిణం ఆయన సొంత గడ్డ, అక్కడ రోజా ఒతున్‌బయేవా తాత్కాలిక ప్రభుత్వం మాట సాగలేదు. జూన్ 10 రాత్రి ఓష్ నడిబొడ్డున యువకుల గుంపుల మధ్య గొడవ లేచింది; విద్యార్థినుల హాస్టల్లో కిర్గిజ్ అమ్మాయిల మీద అత్యాచారం జరిగిందని పుకారు పాకింది. ఆ పుకారు నిజం కాదని తరువాత తేలింది, కాని తెల్లవారేసరికి కొండల ఊళ్ల నుంచి గుంపులు బయలుదేరాయి. ఒతున్‌బయేవా రష్యాను సైన్యం పంపమని కోరారు. అది అంతర్గత వ్యవహారమంది మాస్కో, ఉత్తరాన తన స్థావరాన్ని కాపాడుకోవడానికి మాత్రం దళాన్ని పంపింది. ఫిన్లాండ్ రాజకీయ నాయకుడు కిమ్మో కిల్యునెన్ అధ్యక్షతన పనిచేసిన అంతర్జాతీయ విచారణ సంఘం లెక్కలో మృతులు సుమారు 470. వారిలో 74 శాతం ఉజ్బెకులు. నాలుగు లక్షలకు పైగా జనం ఇళ్లు విడిచారు. నివేదిక 2011 మేలో వచ్చింది; కిర్గిజ్ పార్లమెంటు కిల్యునెన్‌ను దేశంలో అడుగుపెట్టకుండా నిషేధించింది. చనిపోయినవారిలో ఉజ్బెకులు ఎక్కువ, శిక్ష పడినవారిలోనూ ఉజ్బెకులే ఎక్కువ. ఈ రెండు మాటలను పక్కపక్కన పెట్టడమే ఆయన నేరం కాబోలు.

ఓపా ఇంటి ఇనుప తలుపుకు ఆకుపచ్చ రంగు వేసి ఉంది. కింది అంచున ఒక మూల మాత్రం రంగు ఉబ్బి, లోపలి ఇనుము పొరలు పొరలుగా లేచి ఉంది. నేను చూస్తుంటే ఆమె గమనించి, వేలితో ఆ ఉబ్బును నొక్కింది. పెంకు పటుక్కుమని విరిగింది. "ఎన్ని పూతలు వేసినా అక్కడ నిలవదు, కాలింది కదా" అని మాత్రం అన్నది. ఆ నాలుగు రోజులూ వీధి మొదట్లో చెట్లు నరికి అడ్డం పడేశారట; ఆకాశం నుంచి ఎవరైనా చూస్తారని రోడ్డు మీద పెద్ద అక్షరాలతో కాపాడమని రాశారట. పక్క వీధిలో కొన్ని గోడల మీద కిర్గిజ్ ఇల్లు అని రాసుకున్నవాళ్లూ ఉన్నారు, మంట తప్పించుకోవడానికి. ఆమె కుటుంబాన్ని రెండు రాత్రులు దాచింది ఫ్లాట్లలో ఉండే ఒక కిర్గిజ్ నర్సు. ఆ నర్సు ఇప్పటికీ నవ్‌రూజ్ పండక్కి వస్తుంది. "కానీ ఆ సంగతి మేం ఎప్పుడూ మాట్లాడుకోం" అన్నది ఓపా.

2010 తరువాత నగరంలో కిర్గిజ్ ఇతిహాస వీరుడు మనస్ విగ్రహం లేచింది, ఉజ్బెక్ బోర్డులు దిగిపోయాయి. ఉజ్బెక్ మాధ్యమం బడులు ఒక్కొక్కటే కిర్గిజ్‌కో రష్యన్‌కో మారుతున్నాయి. విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్ష ఉజ్బెక్‌లో లేకపోయాక తల్లిదండ్రులే ఆ బడులు మానిపిస్తున్నారు. దేశపు జెండాలో సూర్యుడికి నలభై కిరణాలు, నలభై కిర్గిజ్ తెగలకు గుర్తు. దేశ జనాభాలో ఏడో వంతు ఉన్నవాళ్లకు అందులో కిరణం లేదు. సోవియట్లు ప్రతి గణతంత్రానికీ ఒక జాతి పేరు పెట్టి, పెత్తనం మాత్రం మాస్కోలో ఉంచుకున్నారు. మాస్కో పోయాక పేరున్న జాతి ఇంటి యజమాని అయింది, మిగిలినవాళ్లు తమ ఇంట్లోనే అద్దెకున్నవాళ్లయ్యారు. రాత్రి డైరీలో రాసుకున్న ఈ వాక్యాన్ని మిగిలిన రోజుల్లో మార్చే అవసరం నాకు కలగలేదు గాని, మర్నాడు దానికి ఒక మినహాయింపు దొరికింది.

నాలుగో రోజు, మే 14: ఉజ్గెన్

ఓష్‌కు ఈశాన్యంగా గంట ప్రయాణం. పదకొండు, పన్నెండు శతాబ్దాల నాటి కారాఖానీ రాజుల మూడు సమాధి మందిరాలు, ఒక ఇటుక మీనారు. ఇటుకను చెక్కలా చెక్కిన ఆ పనితనం చూస్తూ గంట గడిపాం. కాని నేను వచ్చింది వేరే పనికి. 1990లో అతి ఘోరమైన హత్యలు జరిగిన ఊళ్లలో ఇది ఒకటి. 2010లో ఓష్, జలాల్-అబాద్ తగలబడుతున్నప్పుడు, ఉజ్బెకులు అధికంగా ఉండి చుట్టూ కిర్గిజ్ పల్లెలున్న ఈ ఊరు మాత్రం తగలబడలేదు.

బజారు పక్క చాయ్‌ఖానాలో చెక్క వేదిక మీద ఇద్దరు వృద్ధులు కూర్చుని ఉన్నారు, ఒకరి తల మీద కల్పాక్, ఇంకొకరి తల మీద దొప్పి. మా అమ్మాయి ఒకరిని బైకే అని, మరొకరిని అకా అని పలకరించేసరికి ఇద్దరూ నవ్వారు. ఆమె రష్యన్‌లోకి, నా తెలుగులోకి అటూ ఇటూ తిప్పుతుంటే సంభాషణ సాగింది. దొప్పి ఆయన ఒకప్పుడు బడిపంతులు, నాలాగే. వాళ్లు చెప్పినదాని ప్రకారం, ఓష్ నుంచి వార్త రాగానే రెండు వైపుల పెద్దలూ ఒకేచోట చేరి, కుర్రాళ్లను ఇళ్లలోనే ఉండమని, దుకాణాలు మూయమని చెప్పారు. ఊరి దారుల దగ్గర కిర్గిజులూ ఉజ్బెకులూ కలిసి రాత్రి కాపలా కూర్చున్నారు. పల్లెల నుంచి వచ్చిన గుంపును కల్పాక్ ఆయన లాంటివాళ్లు ఎదురు వెళ్లి తిప్పి పంపారు. "భయం లేదా?" అన్నాను. కల్పాక్ ఆయన తన స్నేహితుడి వైపు చూపించి, "1990లో ఇతని తమ్ముడి శవాన్ని నేనే కడిగాను. భయం అప్పుడే అయిపోయింది" అన్నాడు. దొప్పి ఆయన టీ గిన్నెలోకి చూస్తూ ఉండిపోయాడు.

మంచితనం ఒక్కటే కాపాడిందని నేననుకోను. ఒకసారి కాలిన అనుభవం, ఎవరి మాట ఎవరు వింటారో తెలిసినంత చిన్న ఊరు, ఉజ్బెకులకు అంగట్లోనే కాక ఊరి పాలనలోనూ కొంత చోటు, వీటన్నిటితో పాటు కొంత అదృష్టం కూడా ఉండాలి. ఓష్‌లోనూ మంచివాళ్లున్నారు, ఓపాను దాచిన నర్సు ఉన్నట్టే. కాని అక్కడ ఒక్కొక్కరు ఒక్కొక్క ఇంటిని కాపాడగలిగారు. ఇక్కడ ఊరి మొగదలలో కలిసి నిలబడగలిగారు.

తిరిగి వస్తూ బజారులో ఉజ్గెన్ బియ్యం చూశాను. గోధుమ, గులాబీ కలిసిన రంగు. గింజ లావు, బరువు. దాని మీద ఎర్రటి పొడి. అమ్మే మనిషి నా అరచేతిలో గుప్పెడు పోసి రుద్దమన్నాడు. రుద్దితే చేతికి ఇటుక రంగు అంటింది, గింజ నలగలేదు. కొత్త బియ్యం వండితే పలావు ముద్దవుతుందని, ఇది ఎన్నేళ్లు నిలవ ఉంటే అంత మంచిదని చెప్పాడు. పాత బియ్యం గురించి తెనాలివాడికి చెప్పక్కర్లేదు గనుక రెండు కిలోలు కొన్నాను. ఉజ్బెకులు ఎక్కువగా పండిస్తారు. కిర్గిజ్ పెళ్లి ఏదీ ఈ బియ్యం లేకుండా జరగదు.

ఐదో రోజు, మే 15: అందిజాన్

సరిహద్దు గేటు పేరు కిర్గిజ్‌లో దోస్తుక్, ఉజ్బెక్‌లో దోస్త్‌లిక్. హైదరాబాదులో చదివిన ఎవరికైనా అర్థం చెప్పక్కర్లేదు, దోస్తీ. ఉజ్బెక్ అధ్యక్షుడు ఇస్లాం కరీమోవ్ బతికున్నంతకాలం ఈ దోస్తీ గేటు చాలా ఏళ్లు దాదాపు మూసే ఉంది. ఆయన 2016లో పోయాక షవ్కత్ మిర్జియోయెవ్ వచ్చి 2017 సెప్టెంబరులో తెరిపించాడు. ఇప్పుడు పిల్లల తోపుడు బండ్లలో మూటలు పెట్టుకుని ఆడవాళ్లు ఉదయం అటు, సాయంత్రం ఇటు తిరుగుతున్నారు. ఇవతల గడియారం పది చూపిస్తుంటే అవతల తొమ్మిది. ఒకే లోయ, ఒకే ఎండ, అయినా గంట తేడా.

2010 జూన్‌లో లక్షమందికి పైగా, ఎక్కువగా స్త్రీలూ పిల్లలూ, ఈ కంచె దాటి అందిజాన్ ప్రాంతంలోని శిబిరాల్లో తలదాచుకున్నారు. కరీమోవ్ కొద్ది రోజులు తెరిచి మళ్లీ మూశాడు. జూన్ చివరికల్లా దాదాపు అందరినీ వెనక్కి పంపారు. ఆయన తన జాతివాళ్ల కోసం సైన్యాన్ని సరిహద్దు దాటించలేదన్నది మాత్రం ఆయన ఖాతాలో వేయాల్సిన మంచి. దాటించి ఉంటే అది రెండు దేశాల యుద్ధమయ్యేది. అయితే ఆయన సైన్యమే 2005 మే 13న ఇదే అందిజాన్ నడిబొడ్డు చౌరస్తాలో తన ప్రజల మీద కాల్పులు జరిపింది. అధికారిక లెక్క 187 మంది. హక్కుల సంఘాలు కొన్ని వందలంటాయి. ఆ ఘటనకు ఇరవై ఏళ్లు నిండి రెండు రోజులే అయింది. చౌరస్తాలో ఆ గుర్తు ఏదీ నాకు కనిపించలేదు. పూలమొక్కలకు నీళ్లు పెడుతున్న పనివాడు తప్ప మనుషులూ పెద్దగా లేరు. తనకు పేరున్న దేశంలో కూడా ఉజ్బెక్‌కు భద్రత ఎంతో దీన్నిబట్టి తెలుస్తుంది.

బజారులో స్ట్రాబెరీల కాలం. 1989లో ఇక్కడికి కొంత దూరంలోని కువసాయ్ బజారులో స్ట్రాబెరీల ధర మీద జగడమే మొదలని చెప్పుకునే అల్లర్లలో, 1944లో స్టాలిన్ జార్జియా నుంచి గెంటేస్తే ఈ లోయకు చేరిన మెస్కెత్ తుర్కుల మీద దాడులు జరిగి మొత్తం వందమందికి పైగా చనిపోయారు, సుమారు 17 వేల మంది మెస్కెత్ తుర్కులను విమానాల్లో తరలించాల్సి వచ్చింది. పళ్ల తగాదా అని అప్పటి పెద్దలు తేలిగ్గా చెప్పేశారు. పళ్ల తగాదాకు ఊళ్లు తగలబడవు. నిరుద్యోగం, కరువైన భూమి, బలహీనపడిన కేంద్రం అప్పటికే ఎండుగడ్డిలా ఉన్నాయి. అర కిలో కొన్నాం. మా అమ్మాయి తినలేకపోయింది, నేను తిన్నాను.

ఆరో రోజు, మే 16: బత్కెన్ దారి

ఓష్ నుంచి పడమరగా షేర్ టాక్సీలో అయిదు గంటలు. దారి మధ్యలో సోఖ్ అనే ముక్క వస్తుంది: చుట్టూ కిర్గిజ్‌స్తాన్, పరిపాలన ఉజ్బెకిస్తాన్‌ది, ఉండేది దాదాపు అందరూ తాజిక్కులు. 1920లలో మాస్కో గీసిన గీతల మహిమ. పాత రోడ్డు దాని గుండా పోయేది. ఇప్పుడు కొండ చుట్టూ కొత్త రోడ్డు వేసుకున్నారు, ముళ్లకంచె వెంట దుమ్ము రేపుకుంటూ వెళ్లాం.

బత్కెన్ అంటే జల్దారు (ఆప్రికాట్) పళ్లకు పేరు. కాయలు ఇంకా ఆకుపచ్చగా, ఉసిరికాయంత ఉన్నాయి. సరిహద్దు గ్రామాలకు విదేశీయులు అనుమతి లేకుండా వెళ్లకూడదు గనుక మేం పట్నం దాటలేదు. 2021 ఏప్రిల్‌లో ఇక్కడికి దగ్గర్లోని గొలోవ్నోయ్ అనే నీటి పంపిణీ తూము దగ్గర తాజిక్కులు స్తంభానికి కెమెరా బిగించబోవడంతో మొదలైన రాళ్లదాడి, రెండు దేశాల సైన్యాల పోరుగా మారి 50 మందికి పైగా బలి తీసుకుంది. 2022 సెప్టెంబరులో మళ్లీ, ఈసారి ట్యాంకులు, ఫిరంగులతో. వందమందికి పైగా మృతులు, కిర్గిజ్ వైపునే లక్షా ముప్ఫై వేలకు పైగా జనం తరలింపు. 2025 మార్చి 13న బిష్కెక్‌లో కిర్గిజ్ అధ్యక్షుడు సదిర్ జపరోవ్, తాజిక్ అధ్యక్షుడు ఇమామలీ రహ్మాన్ సంతకాలతో సుమారు 970 కిలోమీటర్ల సరిహద్దు మొత్తానికి ఒప్పందం కుదిరింది. దానిలో భాగంగా తాజికిస్తాన్‌కు ఇచ్చిన ఒక కిర్గిజ్ గ్రామం పేరు కూడా దోస్తుకే.

టాక్సీలో మాతో వచ్చిన ఒక రైతు 2022లో ఇల్లు కాలినవాడు. ఒప్పందం మంచిదేనా అంటే మంచిదేనన్నాడు. తాజిక్ పొరుగువాళ్లతో మాటలున్నాయా అంటే, అవతలి ఊళ్లో తన చెల్లెలి వియ్యంకులున్నారని, నాలుగేళ్ల తరువాత మొన్ననే ఫోను చేశారని చెప్పాడు. ఏం మాట్లాడుకున్నారంటే, "జల్దారు పూత గురించి" అన్నాడు.

ఏడో రోజు, మే 17: ఓష్

విమానం సాయంత్రం. ఉదయం ఓపా తందూరులో రొట్టెలు కాల్చింది. గోడకు కొట్టేముందు ప్రతిదాని మధ్యలో మేకుల ముద్రతో పువ్వు గుర్తు వేస్తుంది. ఆరు నాకు మూట కట్టింది. మా అమ్మాయితో హాస్టల్ దాకా నడిచి, ఆమె స్నేహితురాళ్లను, గేటు దగ్గరి కాపలావాణ్ణి, పక్కనే ఉన్న పోలీసు పోస్టును చూశాను. అక్కకు ఏం చెప్పాలో దారి పొడుగునా కూడదీసుకున్నాను: చదువు సాగనివ్వు, పుకారు వచ్చిన రోజున మాత్రం ఫోను చూసి నమ్మవద్దు, ఓపాకు చేసి అడుగు.

మధ్య ఆసియాలోనే అతి పెద్దదైన లెనిన్ విగ్రహం ఓష్ నడుమ చెయ్యి చాపి నిలబడి ఉంది. టాక్సీలు అక్కడే ఆగుతాయి. కిర్గిజ్ డ్రైవర్లూ ఉజ్బెక్ డ్రైవర్లూ ఆ నీడలో వేర్వేరు బెంచీల మీద కూర్చుని ఒకే చదరంగం బల్ల వైపు మెడలు చాపి చూస్తున్నారు.

నేను ఇంటికొచ్చిన మూడు వారాలకు, జూన్‌లో, క్రేను పెట్టి ఆ విగ్రహాన్ని దించేశారు. నేల మీద వెల్లకిలా పడుకోబెట్టిన లెనిన్ ఫోటో మా అమ్మాయి పంపింది. కింద రాసింది: "మామయ్యా, టాక్సీ వాళ్లు ఇప్పటికీ లెనిన్ దగ్గరికి రమ్మనే అంటున్నారు."